చిటికెన వేలికి చోటు: సింగిల్ యాక్షన్ రివాల్వర్‌కు పొడుగు పిడి

(టెక్సాస్‌లో వడ్రంగం మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళ ముందు చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం అండీ. ఇవాళ మాట్లాడుకోబోయేది ఒక చిటికెన వేలు గురించి. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ లాంటి పాత తరహా రివాల్వర్‌ని ఓ మాదిరి పెద్ద చేతిలో పెడితే మధ్యవేలూ ఉంగరపు వేలూ పిడి మీద కుదురుగా కూర్చుంటాయి. చిటికెన వేలు మాత్రం సగం పిడి మీద, సగం గాల్లో ఉంటుంది. ఆ వేలికి చోటు చూపించడమే పొడుగు పిడి పని. చూడబోతే 10 మిల్లీమీటర్ల కర్రముక్క. ఆ ముక్కని ఎక్కడ కలపాలి, దేనికి అతికించాలి, ఏ స్క్రూని మూసెయ్యకూడదు అన్నది ముందే ఆలోచించకపోవడం వల్ల పాడైన పిడులు మాత్రం చాలా ఉన్నాయి.

బల్ల మీద తుపాకీ లేదు, గమనించే ఉంటారు. తుపాకీ లోహపు చట్రానికి, అంటే ఫ్రేమ్‌కి, చెక్కతో కోసిన నమూనాలు, కొన్ని పిడి చెక్కలు, కాస్త ప్లాస్టిసిన్ (బొమ్మలు చేసే మెత్తని మట్టి), అంతే. వడ్రంగం నేర్చుకోడానికి ఇవి చాలు.

ముందు ఆకారం సంగతి. ఈ పిడిని అమెరికాలో నాగలి మేడి పట్టు అంటారు. మనవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మేడి పట్టినవాడి చేతిలో కర్ర బిగుసుకుపోయి ఉండదు. నేల ఎగుడుదిగుళ్ళకి అరచేతిలో కొంచెం తిరుగుతూనే ఉంటుంది. ఈ రివాల్వర్ పిడి కూడా అంతే. పేల్చగానే అది అరచేతిలో పైకి దొర్లుతుంది, గొట్టం లేస్తుంది, హామర్, అంటే తూటాని కొట్టే సుత్తి, బొటనవేలికి దగ్గరవుతుంది. దాన్ని వెనక్కి లాగుతూనే చెయ్యి మళ్ళీ తన చోటుకి దిగుతుంది. ప్రతి గుండుకీ హామర్‌ని చేత్తో ఎక్కించాల్సిన సింగిల్ యాక్షన్ తుపాకీకి ఈ దొర్లుడు అవసరం. మనం చేసే పిడి దీన్ని అదుపులో పెట్టాలి గాని ఆపెయ్యకూడదు. ఈ రోజు చెప్పేదాంట్లో ఇదొక్కటి గుర్తుంటే మిగతావన్నీ మీకే తడతాయి. పొడుగు పెంచడం వేరు, లావు పెంచడం వేరు. బజారులో పొడుగు పిడి పేరుతో అమ్మేవాటిలో చాలా వాటికి రెండూ కలిపి పెంచేస్తారు, అక్కడే దెబ్బతింటాయి.

పొడుగా, పొట్టా అన్న తగువు కోల్ట్ కంపెనీ ఇంట్లోనే మొదలైంది. 1851 నేవీ మోడల్ .36 కాలిబర్ (గొట్టం బోలు వెడల్పు, సుమారుగా అంగుళాల్లో), తేలికపాటి దెబ్బ, పొట్టి పిడి. 1860లో ఆర్మీ మోడల్ .44తో వచ్చినప్పుడు పిడిని కొంత పొడిగించారు. 1873లో సింగిల్ యాక్షన్ ఆర్మీ వచ్చేసరికి మళ్ళీ 1851 నాటి పొట్టి ఆకారానికే వెళ్ళిపోయారు. అంటే .45 కాలిబర్ తుపాకీకి .36 నాటి పిడి! ఆ ఆకారం అందరికీ నచ్చింది, చాలామంది చేతికి చిన్నదీ అయింది. 1894లో లక్ష్యసాధన పోటీల కోసం కోల్ట్ బిస్లీ మోడల్ తెచ్చింది. ఇంగ్లండ్‌లోని బిస్లీ రేంజి పేరు అది. దాని పిడి పొడుగు, నిలువు ఎక్కువ, హామర్ కొమ్ము కిందికి వంగి ఉంటుంది. 1920ల చివర్లో తుపాకుల మీద రాసే అమెరికన్ రచయిత ఎల్మర్ కీత్ తన 5వ నంబర్ రివాల్వర్‌కి బిస్లీ వెనక పట్టీనీ (పిడి వెనక అంచున ఉండే లోహపు పట్టీ), మామూలు సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్ గార్డ్‌నీ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) జోడించి మధ్యేమార్గం చేయించాడు. రూగర్ కంపెనీదీ అదే దారి. 1955లో బ్లాక్‌హాక్‌ని కోల్ట్ సైజు పిడితో మొదలుపెట్టింది, 1956లో అదే పిడి మీద .44 మాగ్నమ్ అనే బలమైన తూటాకి తుపాకీ తెచ్చింది. ఆ దెబ్బకి ఆ పిడి చాలలేదు. 1959లో సూపర్ బ్లాక్‌హాక్‌కి పొడుగు ఫ్రేమ్ పెట్టారు. కాకపోతే దాని ట్రిగ్గర్ గార్డ్ వెనక మూల చతురస్రంగా ఉండడంతో మధ్యవేలి కణుపు మీద కొట్టడం మొదలైంది. ఒక వేలికి సుఖం, ఇంకో వేలికి దెబ్బ.

ఇప్పుడు కొలత. మీ చేతికి ఎంత పొడుగు కావాలో ఎలా తెలుస్తుంది? మధ్యవేలిని ట్రిగ్గర్ గార్డ్ వెనక మొదలుకి ఆనించి మామూలుగా పట్టుకోండి. చిటికెన వేలు ఎంత భాగం పిడి అడుగు దాటిందో పక్కన ఉన్నవాళ్ళని కొలవమనండి. చిటికెన వేలు వెడల్పు 15 నుంచి 18 మిల్లీమీటర్లు ఉంటుంది. సగం దాటితే 8 నుంచి 10 మిల్లీమీటర్ల పొడిగింపు చాలు. పూర్తిగా దాటితే 12, మహా అయితే 14. అంతకు మించి కావాలనిపిస్తే కర్రతో సాగదీయకండి, లోహపు ఫ్రేమే పొడుగుది చూసుకోవాలి. కింద ఆధారం లేని కర్ర 15 మిల్లీమీటర్లు దాటిందంటే బల్ల మీంచి ఒక్కసారి పడితే చాలు, ముక్కు, అంటే పిడి అడుగున ముందు కొస, విరుగుతుంది.

ఇంకో మెలిక ఉంది. ట్రిగ్గర్ గార్డ్ వెనక బోలుగా ఉండే చోట కణుపుకి దెబ్బ తగలకుండా కర్ర నింపుతారు కొందరు. మంచిదే. అయితే అక్కడ 6 మిల్లీమీటర్లు నింపితే చెయ్యి మొత్తం 6 మిల్లీమీటర్లు కిందికి జరుగుతుంది. అంటే అడుగున ఇంకో 6 కావాలి. చెయ్యి కిందికి జరిగిందంటే గొట్టం చేతికి ఇంకా ఎత్తున ఉంటుంది కాబట్టి మూతి ఎక్కువ లేస్తుంది, హామర్ బొటనవేలికి దూరం అవుతుంది. అందుకని కణుపు నొప్పి లేనివాళ్ళు ఆ బోలుని ముట్టుకోకపోవడమే మేలు. ఉన్నవాళ్ళు 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి.

కర్ర ముట్టుకునే ముందు నమూనా చేసుకోండి. పలచటి అట్టమీద ఫ్రేమ్ గీత గీసుకుని 8, 10, 12 మిల్లీమీటర్ల పొడిగింపుతో మూడు బొమ్మలు కోయండి. నచ్చినదానికి ప్లైవుడ్ ముక్కలు పెట్టి, వాటి మీద ప్లాస్టిసిన్ పూసి పట్టుకుని చూడండి. చెయ్యి చాచి కళ్ళు మూసుకుని పట్టుకోండి, కళ్ళు తెరిచి చూస్తే గొట్టం ఎటో పోతోందంటే పిడి వెనక వంపు తేడాగా ఉంది. బొటనవేలు పట్టు మార్చకుండానే హామర్‌ని అందుకోవాలి. ఇది కుదరకపోతే పై భాగం లావైందని అర్థం, పొడుగుదేం తప్పు లేదు. ప్లాస్టిసిన్‌తో అయిదు నిమిషాల్లో తెలిసేది కర్రతో అయిదు రోజులకి తెలుస్తుంది.

తుపాకీ దగ్గరకి వస్తే మొదటి పని ఖాళీ చెయ్యడం. గుళ్ళు ఆ గదిలోనే ఉండకూడదు. కోల్ట్ తరహా అయితే హామర్ సగం ఎక్కించి, లోడింగ్ గేటు (తూటాలు ఎక్కించే చిన్న తలుపు) తెరిచి, తూటాలుండే సిలిండర్‌లోని ఆరు గదులూ ఒక్కోటీ తిప్పి చూసి, దాని ఇరుసైన బేస్ పిన్ లాగి సిలిండర్ పూర్తిగా బయటికి తీసెయ్యండి. 1973 తరవాతి రూగర్ అయితే హామర్ కిందే ఉంచి గేటు తెరిస్తే సిలిండర్ తిరుగుతుంది. సిలిండర్ వేరే గదిలో పెట్టాకే వడ్రంగం. ఇండియాలో ఉన్న బంధువులు ఎవరైనా ఈ మాటలు వింటారేమో, వాళ్ళకో మాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకీ మార్పులకీ లైసెన్స్ ఉండాలి. అక్కడ ఆ పని లైసెన్స్ ఉన్న డీలర్ చేతిమీదుగానే జరగాలి.

ఫ్రేమ్ కట్టుబడి తెలియకుండా పిడి చెయ్యలేం. కోల్ట్‌కి వెనక పట్టీ వేరు, ట్రిగ్గర్ గార్డ్‌తో కలిసిన ముందు పట్టీ వేరు. వెనక పట్టీకి మూడు స్క్రూలు: హామర్‌కి రెండు పక్కలా పైన రెండు, పిడి అడుగున ఒకటి. ట్రిగ్గర్ గార్డ్‌కి మరో మూడు: ముందు ఒకటి, వెనక రెండు. హామర్‌ని ముందుకి తోసే మెయిన్‌స్ప్రింగ్ పలక స్ప్రింగ్, ముందు పట్టీ లోపలి వైపు స్క్రూతో బిగించి ఉంటుంది. తొలి రోజుల పిడి ఒకే ముక్క వాల్‌నట్ కర్ర. రెండు పట్టీల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది, దానికంటూ స్క్రూ ఉండదు. 1882 నుంచి గట్టి రబ్బరుతో రెండు చెక్కలు, మధ్యలో అడ్డ స్క్రూ వచ్చాయి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒకే ముక్క పిడిని తీయాలంటే ముందు వెనక పట్టీ ఊడాలి. పట్టీ ఊడాలంటే అడుగు స్క్రూ కనబడాలి. ఒకే ముక్కని పొడిగించి పట్టీ అడుగు మీదుగా కర్ర చుట్టేశారనుకోండి, స్క్రూ కర్ర కింద దాక్కుంటుంది. కర్ర తీయాలంటే స్క్రూ తీయాలి, స్క్రూ తీయాలంటే కర్ర తీయాలి. దాంతో చివరికి కర్రకి అడుగున కన్నం పెట్టాల్సి వస్తుంది. అందువల్ల ఒకే ముక్క పిడి పొడుగు కావాలంటే లోహాన్నే పొడుగుది పెట్టాలి. లోహం పాతదే ఉండాలంటే రెండు చెక్కల పిడే చెయ్యాలి. అడ్డ స్క్రూ తీస్తే చెక్కలు విడిపోతాయి, అప్పుడు అడుగు స్క్రూ బయటపడుతుంది.

లోహం మార్చే దారి గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. ఇటలీ ఉబెర్తీ వంటి కంపెనీల నకళ్ళకి 1860 ఆర్మీ తరహా పట్టీ, గార్డ్ విడిగా దొరుకుతాయి. స్క్రూ కన్నాలు దాదాపు కలుస్తాయి. ఆ దాదాపుతోనే వస్తుంది తంటా అంతా. వెనక పట్టీ పై చెవుల మధ్య హామర్ రాసుకుంటే అది నిదానంగా పడుతుంది, గుండు పేలదు. మెయిన్‌స్ప్రింగ్ కొన హామర్ రోలర్‌ని సరైన చోట తాకకపోయినా అంతే. చెవుల లోపలి వైపు నీలిరంగు పూసి, హామర్ ఎక్కించి దించి, రంగు చెరిగిన చోటే సన్న ఆకురాయితో తీయాలి. హామర్‌ని మాత్రం గీకకండి. పాత అసలు కోల్ట్ అయితే ఈ పనికి పెట్టనే పెట్టకండి. 1873 నుంచి 1940 దాకా తయారైన మొదటి తరం 3,57,000 పైచిలుకే. వాటి పట్టీ మీద నంబరు ఉంటుంది, ఒకే ముక్క కర్ర లోపలి గాడిలో కూడా అదే నంబరు సిరాతో రాసి ఉంటుంది. ఆ కర్ర కోసుకున్నామంటే డబ్బు కోసుకున్నట్టే.

ఇక రెండు చెక్కల పిడి. ఇదే అసలు పాఠం.

కర్ర. ఒక్కో చెక్కకి 140 మిల్లీమీటర్ల పొడుగు, 60 వెడల్పు, 16 మందం ఉంటే తప్పులకి కూడా చోటు మిగులుతుంది. నార పిడి పొడుగు వెంట పోవాలి. ముక్కు దగ్గర నార అడ్డంగా వచ్చిందంటే అక్కడ విరగడం ఖాయం. పిడి వంపు తిరిగి ఉంటుంది కాబట్టి అంతటా నార నిలువుగా రాదు. ఎక్కడో రాజీ పడక తప్పదు, ఆ రాజీ పైన పడండి, పొడిగించిన అడుగున పడకండి. కర్ర ఆరుదల ముఖ్యం. తేమ 8 శాతం దగ్గర ఉన్నది తీసుకుని, మీ గదిలోనే రెండు వారాలు ఉంచి అప్పుడు కొయ్యండి. పచ్చి కర్రతో చేసిన పిడి చలికాలం హీటర్ గాలికి ముడుచుకుని లోహం అంచు బయటపడుతుంది.

ఏ కర్ర? అమెరికన్ నల్ల వాల్‌నట్ కొత్తవాళ్ళకి అన్నిటికన్నా మంచిది. ఉలికి లొంగుతుంది, జిగురు పడుతుంది, నూనె తాగుతుంది. మన జిట్టేగి, అదే ఇండియన్ రోజ్‌వుడ్, అందం, బరువు, బలం మూడూ ఉన్నది. కానీ దాని ఒంట్లో నూనె ఉంటుంది. జిగురు పూసే ముందు అసిటోన్‌తో తుడవకపోతే అతుకు ఊడుతుంది. తునికి చెట్టు చేవ నల్లగా ఉంటుంది, అది ఎబొనీ జాతే. మన ఊళ్ళలో బీడీ ఆకు చెట్టుగానే తెలుసు గాని లోపలి నల్లచేవ రాయిలాంటిది, తొందరపడి డ్రిల్ చేస్తే పగులుతుంది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి గురించి ఎవరైనా అడుగుతారని తెలుసు. (నవ్వులు) అది బొమ్మకి బంగారం, పిడికి పనికిరాదు. గోరు దిగేంత మెత్తన. ఎర్రచందనం ఆలోచన కూడా వద్దు. మన తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప అడవుల్లో ఎక్కడా సహజంగా పెరగని చెట్టు అది, అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల జాబితాలో ఉంది. జిట్టేగి కూడా ఆ జాబితాలోదే. కొనేటప్పుడు రసీదు అడిగి దాచుకోండి. దంతం మాట ఎత్తనక్కర్లేదు. 2016 నుంచి అమెరికాలో ఏనుగు దంతం వ్యాపారం దాదాపు మొత్తం మూసేశారు. పాత పిడుల మీద కనిపించే సాంబర్ కొమ్ము ఒకప్పుడు ఇండియా నుంచే వచ్చేది. అక్కడ ఎగుమతి ఆపేశాక ఇక్కడ ఎల్క్ కొమ్ము వాడుతున్నారు. దాని లోపలి గుజ్జు ఎక్కువ, పొడిగింపుకి అంత నమ్మకం కాదు.

చెక్కల లోపలి ముఖం మొదట. మందపాటి గాజు పలక మీద 220 సాండ్ పేపర్ అతికించి, దాని మీద చెక్కని ఎనిమిది అంకె గీసినట్టు రుద్దండి. పెన్సిల్‌తో అడ్డగీతలు గీసుకుంటే ఎక్కడ ఇంకా తగల్లేదో తెలుస్తుంది. గీతలన్నీ ఒకేసారి చెరిగితే సమతలం వచ్చినట్టు. ఫ్రేమ్ మీద పెట్టి వెనక నుంచి దీపం చూపండి. వెలుగు గీత కనిపిస్తే మళ్ళీ గాజు మీదకే. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే, తరవాత ఎంత బిగించినా చెక్క ఊగుతుంది. ఊగిన చెక్క స్క్రూ కన్నాన్ని పెద్దది చేస్తుంది, ఆ కన్నం దగ్గరే చీలుతుంది.

తరవాత పిన్ను కన్నం. రూగర్ ఫ్రేమ్‌కి కింద అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, రెండు చెక్కలూ దాని మీద కూర్చుంటాయి. పిన్ను కొసకి లిప్‌స్టిక్ రాసి, చెక్కని కావలసిన చోట పెట్టి ఒక్కసారి నొక్కితే గుర్తు పడుతుంది. పిన్ను వ్యాసం క్యాలిపర్‌తో కొలిచి, దానికన్నా 0.1 మిల్లీమీటర్ పెద్ద బిట్‌తో, డ్రిల్ ప్రెస్ మీద లోతు ఆపు పెట్టి కన్నం వెయ్యండి. చేతి డ్రిల్‌తో వేస్తే ఏటవాలు వస్తుంది, చెక్క ఒక అంచున లేచి నిలబడుతుంది.

ఇప్పుడు అడుగు ముక్క. ఫ్రేమ్ అడుగు దాటి కిందికి వేలాడే 10 మిల్లీమీటర్ల దగ్గర రెండు చెక్కల మధ్య ఫ్రేమ్ మందమంత ఖాళీ ఉంటుంది కదా. దాన్ని అదే కర్ర ముక్కతో నింపాలి. ఈ ముక్క ఎడమ చెక్కకి మాత్రమే అతుక్కుంటుంది. కుడి చెక్క దానికి ఆని నిలబడుతుంది, అంతే. రెండిటికీ అతికిస్తే ఇక పిడి విడిపోదు. ముక్క నార చెక్క నార దిక్కులోనే ఉండాలి. అడ్డంగా పెడితే ఒకటి ఉబ్బుతుంది, ఒకటి ఉబ్బదు, రెండో వానాకాలానికి అతుకు విచ్చుకుంటుంది.

మందం ఫ్రేమ్‌తో సరిగ్గా సమానం రావాలి. క్యాలిపర్‌తో ఫ్రేమ్ అడుగుని మూడు చోట్ల కొలవండి, ఎందుకంటే పాలిష్ పట్టిన లోహం అంతటా ఒక్క మందం ఉండదు. ముక్క 0.1 ఎక్కువైతే కుడి చెక్క పైన లేస్తుంది, తక్కువైతే అడుగున వెంట్రుక సందు కనిపిస్తుంది. కొంచెం ఎక్కువగా ఉంచి, గాజు మీద రుద్ది తగ్గించుకోవడమే దారి. ముక్క పై అంచు ఫ్రేమ్ అడుగు వంపుకి సరిపోవాలి. కోల్ట్ అయితే అడుగు స్క్రూ తలకి చిన్న గుంట తియ్యడం మరిచిపోకండి. తల పైకి తేలి ఉన్న ఆ అర మిల్లీమీటర్ ముక్క మొత్తాన్ని కిందికి తోసేస్తుంది, మీరేమో వంపు తప్పు కోశామనుకుని వంపుని పాడు చేస్తారు.

అతికించే రోజు ఫ్రేమ్ అడుగుకీ పట్టీలకీ మైనం రెండు పూతలు పూయండి, జిగురు లోహానికి పట్టకుండా. కర్ర రెండు ముఖాలనీ 80 నంబర్ పేపర్‌తో గరుకు చెయ్యండి. నిదానంగా గట్టిపడే ఎపాక్సీ వాడండి, అయిదు నిమిషాల రకం ఈ చోటుకి బలం చాలదు. క్లాంప్ మరీ బిగిస్తే జిగురంతా బయటికి కారి అతుకు ఎండిపోతుంది, అంచున సన్నని పూస కనిపించేంత బిగింపు చాలు. 24 గంటలు ముట్టుకోవద్దు. ఆరాక ముక్కలోంచి ఎడమ చెక్కలోకి 2 మిల్లీమీటర్ల ఇత్తడి పిన్నులు రెండు దింపి, వాటి కొసలు 2 మిల్లీమీటర్లు కుడి వైపు బయట ఉంచండి. కుడి చెక్కలో వాటికి కన్నాలు. ఇవి ఉంటే అడుగు భాగం అటూ ఇటూ జరగదు. బలం పిన్నులదే గాని జిగురుది కాదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళున్నారు, వాళ్ళ పిడులు పడకుండా ఉంటే వాళ్ళ మాటా నిజమే.

అడ్డ స్క్రూ చోటు పాత చెక్కని మూసగా పెట్టుకుని గుర్తించండి. సొంతంగా ఎంచుకోకండి. కోల్ట్‌లో పలక స్ప్రింగ్, రూగర్‌లో చుట్ట స్ప్రింగూ దాని కడ్డీ ఆ చుట్టుపక్కలే కదులుతుంటాయి. స్క్రూ వాటిని రాసుకుంటే హామర్ దెబ్బ బలం తగ్గుతుంది, పేలని గుళ్ళు వస్తాయి. జనం ఏమో తూటాల్ని తిడతారు. స్క్రూ బిగించాక సిలిండర్ లేకుండానే, హామర్‌ని బొటనవేలితో పట్టుకునే నెమ్మదిగా ఎక్కించి దించండి. రాపిడి శబ్దం గాని బరువు గాని తేడాగా తోస్తే స్క్రూకి మసి పూసి మళ్ళీ చూడండి. కన్నం మాత్రం రెండు చెక్కల్నీ ఫ్రేమ్ మీద క్లాంప్ చేసి ఒకేసారి వెయ్యాలి. బయట పక్క చీలకుండా పనికిరాని చెక్క ఆనించండి. స్క్రూ తలకీ నట్టుకీ లోహపు బిళ్ళలు తప్పనిసరి. కర్ర మీద నేరుగా స్క్రూ తల బిగిస్తే ఆర్నెల్లలో కూరుకుపోతుంది.

బయటి ఆకారం. మొదట బరక ఆకురాయి, తరవాత సన్నది. పైన, ట్రిగ్గర్ గార్డ్ వెనక, సన్నగా ఉంచండి. కిందికి వచ్చేకొద్దీ వెడల్పు. అడుగున కొద్దిగా విచ్చుకోవాలి, గంట అంచులా. చెయ్యి కిందికి జారకుండా ఆపేది ఆ విచ్చుకోవడమే. మధ్యలో బొజ్జ పెట్టకండి. అది వేరే రకం తుపాకీలకి బాగుంటుంది, దీనికి పెడితే దొర్లుడు ఆగి దెబ్బంతా బొటనవేలి మూలానికి తగులుతుంది. ముక్కు ముందుకి కొక్కెంలా పొడుచుకు రాకూడదు. చూడ్డానికి ఆ కొక్కెం బాగుంటుంది గాని పిడి దొర్లిన ప్రతిసారీ చిటికెన వేలిని కింది నుంచి కొడుతుంది. ముక్కుకి 4, వెనక మడమకి 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం చెయ్యండి. చెకరింగ్, అంటే పట్టు కోసం గళ్ళుగా చెక్కే గీతలు, అడగొద్దు. నునుపు కర్ర అరచేతిలో తిరుగుతుంది, గీతలు తిరగనివ్వవు, తోలు లేపుతాయి.

నీలి పూత ఉన్న లోహం మీద ఆకురాయి ఒక్కసారి తగిలినా మచ్చ పోదు. పట్టీల మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించండి. పై పొర గీరుకుపోయేదాకా ఆకురాయి, తరవాత ఆ పొర తీసేసి కింద పొర దాకా సాండ్ పేపర్, అదీ గట్టి ముక్కకి చుట్టి. కర్ర లోహం కన్నా టేపు మందమంత, అంటే 0.1 మిల్లీమీటర్ పైకి ఉంటుంది. ఉండనివ్వండి. వేలికి తెలియదు, చలికాలం కర్ర ముడుచుకున్నప్పుడు సరిగ్గా సరిపోతుంది. స్టెయిన్‌లెస్ ఫ్రేమ్ అయితే కర్రా లోహం కలిపి రుద్ది మళ్ళీ పాలిష్ చేసుకోవచ్చు, అది సుఖం.

సాండ్ పేపర్ 120 నంబరుతో మొదలుపెట్టి 180, 220, 320, 400 వరకు. 220 తరవాత తడిబట్టతో తుడిచి ఆరనిస్తే నార లేస్తుంది, దాన్ని 320తో కోసేయండి. తరవాత నూనె. టంగ్ నూనె గాని, గన్‌స్టాక్‌లకి అమ్మే నూనె గాని, పలచగా ఆరేడు పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు. లోపలి ముఖానికి కూడా కనీసం రెండు పూతలు వెయ్యాలి. బయట మాత్రమే పూస్తే లోపల తేమ తాగి చెక్క పళ్ళెంలా వంగుతుంది. అవిసె నూనె వాడినవాళ్ళు గుడ్డని ఉండచుట్టి బుట్టలో పారెయ్యొద్దు, దానంతట అదే అంటుకుంటుంది. నీళ్ళలో ముంచి బయట ఆరేయండి. రోజ్‌వుడ్ పొడి కొందరి ఒంటికి దద్దుర్లు తెస్తుంది. గుడ్డ మాస్క్ చాలదు, సన్న ధూళిని కూడా ఆపే రెస్పిరేటర్ పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: అండీ, నా దగ్గర ఉన్న హోల్‌స్టర్‌కి పొడుగు పిడి ఇబ్బందా?

పక్కకి పెట్టుకునేదానికి సమస్య లేదు. పొట్ట మీదుగా అడ్డంగా పెట్టుకునే రకం అయితే కూర్చున్నప్పుడు ఆ 10 మిల్లీమీటర్లు పక్కటెముకల్లో గుచ్చుకుంటాయి. మడమ గుండ్రం 8కి పెంచితే కొంత మేలు. పోటీలకి వెళ్ళేవాళ్ళు మాత్రం పిడి మార్పుల మీద వాళ్ళ నియమావళి ఏమంటోందో ముందే చదువుకోండి.

ప్రశ్న: పిడి చేశాక పదే పదే స్క్రూలు వదులవుతున్నాయండీ. కర్ర తప్పా?

సగం కర్రది, సగం ఫ్రేమ్‌ది. కోల్ట్ తరహా వాటిలో పట్టీల ఆరు స్క్రూలూ పేల్చేకొద్దీ వదులవుతాయి, కొత్త పిడి లేకపోయినా సరే. వాటిని విప్పి, నూనె లేకుండా తుడిచి, నీలిరంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించండి. ఎర్రది వద్దు, వేడి చేస్తే గాని ఊడదు. స్క్రూడ్రైవర్ మొన గాడిలో అటూ ఇటూ ఆడకుండా పూర్తిగా నిండాలి, లేకపోతే తలలు చెడతాయి. పిడి అడ్డ స్క్రూకి మాత్రం లాకర్ వెయ్యొద్దు. రెండు వేళ్ళతో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎంత బిగుస్తుందో అంతే. 50 గుళ్ళ తరవాత ఒకసారి, వాతావరణం మారినప్పుడు ఒకసారి చూసుకోండి. అది మళ్ళీ మళ్ళీ వదులవుతోందంటే చెక్క లోపలి ముఖం సమతలం లేదు. ఇంకా బిగించకండి, చీలుతుంది. విప్పి గాజు పలక మీదకి తీసుకెళ్ళండి.